పూతంతా పోతే!

పోయిన ఎండాకాలం శ్రీనివాసపురం దగ్గర మా మామ అర ఎకరంలో కీరదోస పెట్టాడు. తీగలు బాగానే పాకాయి. మందుల అంగడిలో "పూత బాగా వస్తుంది" అని ఒక సీసా ఇస్తే తెచ్చి పిచికారీ చేశాడు. పూత నిజంగానే వచ్చింది, తోటంతా పసుపు. పిందెలే లేవు. అమ్మమ్మ గట్టు మీద నిలబడి నాలుగు పువ్వులు తెంచి తిప్పి చూసి, "ఒరే, పూతంతా పోతేరా" అంది. ఆ పంటకి పెట్టిన డబ్బు కూడా రాలేదు. మా చెల్లి ట్యూషన్ మానేసింది అప్పుడే.

దోస తీగకి మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగా పూస్తాయి. ఆడపువ్వు వెనకాల చిన్న పిందె ముందే ఉంటుంది. మగపువ్వుకి ఒట్టి కాడ. సీసా మీద చిన్న అక్షరాల్లో జిబ్బరెల్లిక్ యాసిడ్ అని రాసి ఉంది. అదేంటని బాటనీ చదివే స్నేహితురాల్ని అడిగితే, తను దోస సంగతి వదిలేసి గంజాయి గురించి మొదలుపెట్టింది. నవ్వకండి, మేడమ్ కూడా మొదట నవ్వారు.

గంజాయే ఎందుకంటే, అందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మన పెద్దవాళ్ళు పోతుతాడి, పెంటితాడి అంటారు కదా, అలాగన్నమాట. మగది పుప్పొడి రాల్చి ఎండిపోతుంది, గింజ పట్టేది ఆడదానికే. గింజ కోసం పెంచేవాళ్ళకి ఆడ మొక్కలు ఎక్కువుంటే దిగుబడి ఎక్కువ. మత్తు కోసం పెంచేవాళ్ళ లెక్క వేరు, గింజ కట్టకపోతేనే వాళ్ళకి కావలసిన బంక ఎక్కువ వస్తుంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో బెంగాల్ రైతులు మగ మొక్కల్ని గుర్తుపట్టి పీకించడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకునేవారు. వాళ్ళకి 'గంజాయి డాక్టర్లు' అని పేరు. 1893-94లో పనిచేసిన కమిషన్ వాళ్ళ గురించి రాసింది.

పీకడం కాకుండా, మొక్కనే మార్చొచ్చా? దీన్ని చేసి చూపించినవాళ్ళలో ఒకరు మన మైసూరులో పుట్టినాయనే. పేరు హెచ్.వై. మోహన్‌రామ్, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పేవారు. 1970లో ఆయన, వి.ఎస్. జైస్వాల్ కలిసి మగ గంజాయి మొక్కలకి ఎథిఫాన్ అనే మందు ఇచ్చారు. అది మొక్క లోపల విడిపోయి ఇథిలీన్‌ని వదులుతుంది. అరటికాయల్ని మగ్గబెట్టే వాయువే అది. దాంతో మగ మొక్క మీద ఆడపువ్వులు వచ్చాయి! 1972లో తిరగేసి చూపించారు: ఆడ మొక్కలకి జిబ్బరెల్లిన్ ఇస్తే మగపువ్వులు. అంటే మా మామ సీసాలో ఉన్నదే.

1982లో ప్రచురించిన ప్రయోగం నాకు అన్నిటికన్నా నచ్చింది. వెండి లవణాలు ఇథిలీన్ పనిని అడ్డుకుంటాయి. వాటిని ఆడ మొక్కల మీద వాడితే మగపువ్వులు వచ్చాయి. ఊరికే ఆకారానికి రావడం కాదు, వాటి పుప్పొడితో గింజలు కూడా కట్టాయి. ఆ గింజలకి తల్లీ ఆడ మొక్కే, తండ్రీ ఆడ మొక్కే. మగ క్రోమోజోమ్ ఏ వైపు నుంచీ రాదు కాబట్టి మొలిచేవన్నీ ఆడ మొక్కలే. ఇది చదివాక మనం 'పుట్టుక' అనే మాట ఎంత ధీమాగా వాడతామో అనిపించింది. (ఇంట్లో కుండీలో వేసి చూద్దామనుకోకండి, 1985 చట్టం ఉంది.)

కీరదోసలోనూ దారి అదే. ఇథిలీన్ ఆడపువ్వు వైపు లాగుతుంది, జిబ్బరెల్లిన్ మగపువ్వు వైపు. మామ తోటలో ఎండ కూడా కొంత కారణమయ్యుంటుంది, వేడికి దోసలో మగపూలు పెరుగుతాయి. కానీ ఆ సీసా ఎండకి తోడైంది. ఇంకో విచిత్రం వినండి. ఒట్టి ఆడపువ్వులే పూసే కీరదోస రకాలున్నాయి. వాటి విత్తనం నిలుపుకోవాలంటే పుప్పొడి కావాలి కదా, అందుకని విత్తనాలు తయారుచేసేవాళ్ళు కొన్ని తీగలకి కావాలనే జిబ్బరెల్లినో, వెండి లవణమో కొట్టి మగపువ్వులు పూయిస్తారు. మందు చెడ్డది కాదు, మా తోటకి కాదంతే.

మామకి ఇదంతా కన్నడంలో సగం, తెలుగులో సగం చెప్పాను. వినగానే, "అయితే ఆ ఇథిలీన్ మందే తెచ్చేద్దాం" అన్నాడు! హార్మోను ఎరువు కాదు మామా, అన్నాను. పువ్వు ఏదవ్వాలో అది చెబుతుంది, కాయకి కూడు పెట్టాల్సింది ఆకే. పైగా ఎథిఫాన్‌ని లేత తీగకి, రెండు నుంచి నాలుగు ఆకులున్నప్పుడే మొదలుపెట్టాలి. మోతాదు మించితే తీగే గిడసబారిపోతుంది.

మోతాదు ఎంతో నేను చెప్పలేదు, రైతు సంపర్క కేంద్రంలో అడగమన్నాను. ఈసారి నాలుగు సాళ్ళకే కొట్టి, పక్క నాలుగు సాళ్ళు ఊరికే వదిలేస్తానన్నాడు. పువ్వులు లెక్కపెట్టే పని అమ్మమ్మది.