మీటరు లక్షా నలభై వేలు చూపిస్తే?

ప్రశ్న: 2016 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్ బేరానికొచ్చింది. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ అంకె చూసి బెదరకండి. హైవే మీద తిరిగిన లక్షన్నర, ఊళ్లో క్లచ్ తొక్కుతూ తిరిగిన డెబ్భై వేల కంటే నయం కావచ్చు. నన్నడిగితే, ఇంత పాత డీజిల్ కారు నలభై వేలే తిరిగిందంటేనే అనుమానించాలి. మీటరు వెనక్కి తిప్పడం కొత్త విద్యేం కాదు. పెడల్ రబ్బర్ల అరుగుదల చూడండి, సర్వీస్ రికార్డులోని కిలోమీటర్లతో పోల్చండి.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరొచ్చేసరికే వేడెక్కించి ఉంచితే, ఇంకోరోజు వస్తానని చెప్పేయండి. స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత మెల్లగా వదులు చేయండి. కొంచెం ఆవిరి సహజమే. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే ఇంజిన్ లోపల అరిగిందన్నమాట. బేరం అక్కడితో ఆపేయండి. ఈ 1.3 లీటర్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు కాదు, చైను ఉంటుంది. అది గలగలమంటే ఖర్చే.

ఒకప్పుడు ట్యాక్సీగా తిరిగిందా, ఫైనాన్స్ తీరిందా అన్నది ఆర్సీ వివరాల్లో చూసుకోండి. రిజిస్ట్రేషన్ 2031 వరకే. ఆపైన ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి.

అన్నట్టు, మీరు నెలకు ఆరేడు వందల కిలోమీటర్లే తిరిగేట్టయితే అసలు డీజిల్ జోలికే వెళ్లకండి. పెట్రోలు కారు వెతుక్కోండి.