ఓల్డ్ కోర్సుకు పోవువారికి

ప్రశ్న: స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో వచ్చు వేసవిని గోల్ఫు ఆడవలెనని మిత్రులమిరువురము సంకల్పించితిమి. ప్రయాణము నెట్లు ఏర్పరచుకొనవలెను?

జవాబు: ఆర్యా, మీ సంకల్పము శ్లాఘనీయము, కాని ఒక్క దినములో పోయి మరలవలెనన్న తలంపుండినచో మానుకొనుడు. ముందుగా సమయమును ఖాయపరచుకొనజాలనివారు, ఆడదలచిన దినమునకు రెండు దినములు ముందు తీయబడు చీట్లలో పేరు వేసుకొనవలసియుండును గనుక, నాలుగైదు దినములు చేతనుంచుకొని పోవుట మేలు. వానిలో ఒక ఆదివారముండునట్లు చూచుకొనుడు. సాధారణముగా ఆనాడు ఆట యుండదు. ఊరివారు కుక్కలను వెంటబెట్టుకొని ఆ పచ్చికపై విహరింతురు. మీరును రోడ్ హోలని ప్రసిద్ధిగాంచిన పదునేడవ హోలు వరకు నడచి, ఇరుకైన ఆ గ్రీనును, దానినంటియున్న లోతైన బంకరును, వెనుకనున్న బాటను, రాతిగోడను కన్నులార చూడుడు. బాటపై పడిన బంతిని ఊరక తీసి వేరొకచోట నుంచుటకు వీలులేదు, ఉన్నచోటనుండియే కొట్టవలెను. కావున రెండవ దెబ్బతో గ్రీనునకు కుడివైపు ముందరిభాగమునకు బంతిని చేర్చి, మొత్తము ఐదు దెబ్బలతో తృప్తిపడుటయే వివేకమని నా దృఢాభిప్రాయము.

గాలి మారినచో కోర్సే మారును. కావున క్యాడీని తప్పక కుదుర్చుకొనుడు. తొలుత ఆట చెడినను నిరాశపడకుడు. 1921 ఓపెన్ పోటీయందు ఇచ్చటి పదునొకండవ హోలు బంకరులో చిక్కి ఆటనే విడిచిన అమెరికా గోల్ఫు ఆటగాడు బాబీ జోన్స్, 1927లో ఇచ్చటనే విజేతయయ్యెను. హ్యాండికాప్ ధ్రువపత్రమును వెంట తీసికొనిపోవుట మరువకుడు.