ఎర్ర గీత పడితే తప్పేనా?



ఏడో తరగతి పిల్లలకు 'మా ఊరి అడవి' అనే టైపింగ్ ప్రాజెక్ట్ ఇచ్చాం. భద్రాచలం వైపు నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న ఒక పాప 'తునికాకు' అని టైప్ చేసింది. కింద ఎర్ర గీత పడింది. వెంటనే చెరిపేసి 'ఆకు' అని రాసింది. నేను వెళ్లి చూసేసరికి ఇప్పపువ్వు కాస్తా పువ్వు అయింది, గోదారి నది అయింది. పాప రాసిన మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. ఎర్ర గీత అంటే తప్పు అని పిల్లలు నమ్మేస్తారు. పెద్దవాళ్లమూ అంతే అనుకోండి.

నిజానికి స్పెల్‌చెక్‌కు తెలుగు రాదు. దాని దగ్గర ఒక పదాల జాబితా ఉంటుంది. మనం రాసిన మాట అందులో ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. అదీ అక్షరాలను చూసి కాదు, అంకెలను చూసి. యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఉంది. 'భద్రాచలం' మనకు నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం ఎనిమిది సంఖ్యలు, ఎందుకంటే ద్రా ఒక్కటే నాలుగు గుర్తులు: ద, పొల్లు, ర, దీర్ఘం.

చిక్కంతా ఇక్కడే ఉంది. 'రైలు'లోని ఐత్వానికి 3144 అనే ఒకే సంఖ్య ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం (3142), దాని కింద వచ్చే గుర్తు (3158) అని రెండుగా కూడా రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. జాబితాలో మొదటిది ఉండి ఫైల్‌లో రెండోది ఉంటే, నేరుగా పోల్చినప్పుడు సరైన మాట కిందే గీత పడుతుంది. పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపే 8204 అనే గుర్తుకైతే ఆకారమే లేదు. 'స్టేషన్' చివర అది ఉన్నా లేకున్నా మన కంటికి తేడా తెలియదు.

అందుకే పోల్చేముందు రెండు వైపులా ఒకే పద్ధతికి తెస్తారు. లిబ్రే ఆఫీస్ వాడే హన్‌స్పెల్‌లో ఈ ఏర్పాటు ఉంది. ఫలానా గుర్తును లెక్కచేయవద్దు, ఫలానా జంటను ఒకటిగా మార్చుకో అని నిఘంటువుతో వచ్చే నియమాల ఫైల్‌లో ఒక్కో వరుసలో రాస్తే చాలు. హన్‌స్పెల్ మొదట హంగేరీ భాష కోసం పుట్టింది. మనలాగే మాట చివర ప్రత్యయాలు వరసగా తగిలించే భాష అది.

మరి ల, ళ కూడా ఒకటే అనేస్తే ఇంకా సులువు కదా? వాటి సంఖ్యలు పక్కపక్కనే ఉన్నాయి: 3122, 3123. కానీ అలా చేస్తే 'కల'కూ 'కళ'కూ తేడా పోతుంది, పిల్లవాడి అసలు తప్పు బయటపడదు. అలాంటి జంటలను సూచనలు ఇవ్వడానికి వాడాలి గాని, సరిపోల్చడానికి కాదు. నా దృష్టిలో కంటికి కనిపించని తేడాలను తీసేయాలి, చెవికి వినిపించే తేడాలను ఉంచాలి.

ఇంట్లో మీ బాబు, పాప తెలుగులో టైప్ చేస్తున్నప్పుడు ఒకటి గమనించండి. సున్నా బదులు అంకెల సున్నా కొడుతున్నారేమో చూడండి. 'ఖమ్మం' చివర 3074 రావాలి, అంకె అయితే 48 వస్తుంది. ఇది మాత్రం నిజమైన తప్పే. గీత పడితే మాట మార్చేముందు మిమ్మల్ని అడగమనండి, లేదా అచ్చు నిఘంటువు చూడమనండి.

ఆ పాప మళ్లీ 'తునికాకు' అని రాసి, రైట్ క్లిక్ చేసి 'యాడ్ టు డిక్షనరీ' నొక్కింది. గీత పోయింది. తర్వాతి వాక్యంలో 'తునికాకులు' అని రాయగానే మళ్లీ పడింది. దాన్నీ చేర్చింది. అలా చేర్చిన మాట ఆ ఒక్క కంప్యూటర్‌కే తెలుస్తుంది. ల్యాబ్‌లో మిగతా వాటిలో ఈ వారం పిల్లలే ఒక్కొక్కటిగా చేరుస్తున్నారు.