కార్లను మోయు లారీ: దాని శ్రమ, దాని జీతము

పెనుగొండ చేరువనున్న కియా కర్మాగారము 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించినది మొదలు, బెంగుళూరు–హైదరాబాదు రహదారి మీద కొత్త కార్లను మోసికొనిపోవు పొడుగాటి లారీలు మన విద్యార్థులకు పరిచితములే. మన దేశమున ఇవి చాలవరకు మూసిన పెట్టెల వలె నుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నట్లుకాదు. అచట పైకప్పులేని ఇనుప చట్రము మీద, రెండంతస్తులుగా, ఎనిమిదియో తొమ్మిదియో కార్లు బయటికి కనబడుచునే పోవును. ఆ లారీ నడుపువానిని వారు ‘కార్ హాలర్’ అందురు. ఏటా లక్ష డాలర్లు సంపాదింపవచ్చునని ఈ పనికి ప్రకటనలు వెలువడుచుండును. ఆ లక్షను వెంటనే రూపాయలలోనికి మార్చి చూచుకొను తలిదండ్రులు మనలోను కలరు. ఆ సొమ్ము వెనుకనున్న పని యెట్టిదో, లెక్క యెట్టిదో యీ పాఠమున పరిశీలింతము.

ముందుగా బండిని గూర్చి కొంచెము తెలిసికొనవలెను. ఈ జాతి లారీలలో పెద్దదానికి 2015 నాటి చట్టము 80 అడుగుల పొడవు అనుమతించినది. ముందు 4 అడుగులు, వెనుక 6 అడుగులు కార్లు బయటికి పొడుచుకొని యుండవచ్చును. ఎత్తు పెక్కు రాష్ట్రములలో 13 అడుగుల 6 అంగుళములు మించరాదు. జాతీయ రహదారులపై లారీ, సరకు కలిపి బరువు 80,000 పౌనులు, అనగా సుమారు 36 టన్నులు దాటరాదు. విద్యుత్తుతో నడచు కార్లు బ్యాటరీల వలన బరువైనవి. అవి వచ్చిన తరువాత ఒక్కొక్క విడతకు కార్ల సంఖ్య తగ్గించుకొనవలసిన సందర్భము లేర్పడుచున్నవి.

ఇక శ్రమ. మామూలు లారీ డ్రైవరు సరకును కూలీలు ఎక్కింతురు. అతడు తలుపు మూసి బయలుదేరును. కార్ హాలర్‌కు ఆ సౌఖ్యము లేదు. డ్రైవరు, కూలి, లెక్కరి అన్నియు తానే. మొదట ప్రతి కారు చుట్టును తిరిగి గీతలు, సొట్టలు వెదకి కాగితమున వ్రాసికొనవలెను. వ్రాయక వదలిన గీత, దింపునప్పుడు బయటపడినచో, అతని నెత్తికే చుట్టుకొనును. తన దుస్తుల వలన రంగు గీచుకొనిపోకుండ పలువురు బెల్టు బకిలీని కప్పి యుంచుకొందురు, ఉంగరము తీసివేయుదురు.

తరువాత ఎక్కించు వరుస నిర్ణయింపవలెను. ముందు దింపవలసిన కారు చివర ఎక్కవలెను. ఈ వరుస తప్పినచో నడిదారిలో రెండు కార్లు దింపి, మరల ఎక్కింపవలసి వచ్చును. ఆ చాకిరికి పైసా రాదు. కొన్ని కార్లను ముందు దిక్కుగా, కొన్నింటిని వెనుక దిక్కుగా ఇరుకైన ఇనుప పట్టాల మీద నడిపి, చమురు ఒత్తిడితో లేచు అంతస్తులను అంగుళ మంగుళముగా పైకెత్తి, వంచి, ఒకదాని ముక్కు క్రిందికి మరియొకదాని తోక చేర్చవలెను. చోటు చాలక కారు తలుపు జానెడు మాత్రమే తెరచుకొను సందర్భము లున్నవి. ఆ సందులోనుండి ఒడలు ముడుచుకొని వెలికివచ్చి, మనిషి నిలువెత్తును మించిన ఎత్తున, అరచేతి వెడల్పు చోటు మీద పాదము మోపి దిగవలెను. వానలోను, మంచు గడ్డకట్టిన తెల్లవారుజామునను ఇదియే పని. జారిపడుట ఈ వృత్తిలో మొదటి భయము.

రెండవది భుజముల బాధ. ప్రతి కారును ముందొకటి, వెనుకనొకటి, కనీసము రెండు బందులతో బిగింపవలెనని అచటి నిబంధన. ఆచరణలో నాలుగు చక్రములకు నాలుగు పట్టీలు వేయుట సాధారణము. తొమ్మిది కార్లకు 36 పట్టీలు. బిగించుట, విప్పుట కలిపి 72 మారులు. పాత బండ్లలో గొలుసులను ఇనుప కడ్డీతో త్రిప్పి బిగింతురు. ఆ కడ్డీ చేయి జారినచో దవడకో భుజమునకో తగులును. బయలుదేరిన మొదటి 50 మైళ్లలోపున నొకసారియు, పిదప ప్రతి 150 మైళ్లకు లేక 3 గంటలకు, ఏది ముందైన నప్పుడు, ఆగి బందులు సరిచూడవలెను.

ఈ పనికి భారీ లారీల లైసెన్సు కావలెను. రాష్ట్రమునుండి రాష్ట్రమునకు సరకు కొనిపోవుటకు 21 ఏండ్లు నిండవలెను. వైద్య పరీక్ష తప్పదు. దారి పలకలు చదువుటకు, అధికారులకు బదులు చెప్పుటకు చాలినంత ఆంగ్లము రావలెనను నిబంధనను 2025 జూన్ నుండి కఠినముగా అమలుపరచిరి. ఆ యేడే ఆగస్టులో లారీ డ్రైవర్లకు పని వీసాల జారీని నిలిపివేసిరి. ప్రకటన చూచి పాస్‌పోర్టు వెదకువారు ఈ మాట ముందుగా గమనింపవలెను.

జీతము సంగతికి వత్తము. కార్మిక గణాంక శాఖ ప్రకారము 2024 మే నాటికి భారీ లారీ డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనము 57,440 డాలర్లు; అనగా సగము మందికి అంతకు మించియు, సగము మందికి అంతకు తక్కువయు వచ్చినది. కార్లు మోయువారికి సాధారణముగా ఇంతకన్న ఎక్కువయే ముట్టును. కాని లెక్క చూచు తీరు వేరు. చాలమందికి కూలి గంటకు కాదు, మైలుకు.

ఉదాహరణకు మైలుకు 75 సెంట్లనుకొందము. 500 మైళ్లకు 375 డాలర్లు. గంటకు 50 మైళ్ల చొప్పున నడుపుటకు 10 గంటలు. గంటకు 37 డాలర్ల 50 సెంట్లని ప్రకటన చెప్పును. కాని కారుకు 15 నిమిషముల చొప్పున తొమ్మిది కార్లు ఎక్కించి బిగించుటకు 2 గంటల 15 నిమిషములు, 10 నిమిషముల చొప్పున దింపుటకు గంటన్నర. మొత్తము 13 గంటల 45 నిమిషములు. 375ను దీనితో భాగింపగా గంటకు 27 డాలర్ల 27 సెంట్లే తేలును. కొన్ని సంస్థలు కారుకింత అని ఎక్కించుటకు వేరుగా చెల్లించును. ఉద్యోగమున చేరకముందే అడిగి తెలిసికొనవలసిన మొదటి ప్రశ్న యిదియే. వారమునకు 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇయ్యవలెనను 1938 నాటి చట్టము సాధారణముగా ఈ డ్రైవర్లకు వర్తింపదు. టీమ్‌స్టర్స్ కార్మిక సంఘము యజమానులతో జాతీయ ఒప్పందము చేసికొన్నచోట పరిస్థితి కొంత మేలు.

లక్ష డాలర్ల ప్రకటనలలో కొన్ని సొంత లారీ గలవారి మొత్తపు రాబడిని చూపునవి. నిండు లారీ గ్యాలను డీజిలుకు సుమారు 5, 6 మైళ్లే నడచును. కావున 500 మైళ్లకు దాదాపు 100 గ్యాలనులు కావలెను. భీమా, లారీ వాయిదాలు, టైర్లు ఆ మీదట.

చివరి కారు దింపి, తాళపుచెవులు అప్పగించి, కాగితముపై సంతకము పుచ్చుకొన్నంత మాత్రమున ప్రయాణము ముగియదు. తిరుగు దారిలో సరకు దొరకనిచో లారీ ఖాళీగా పోవలెను. ఆ ఖాళీ మైళ్లకు కొన్ని సంస్థలు తక్కువ కూలి ఇచ్చును. సొంత లారీ వానికి ఇచ్చువాడెవ్వడును లేడు.