కంద, కందగడ్డ ఒకటి కావు

పరీక్షలు రాసే నల్లగొండ, మహబూబ్‌నగర్ అభ్యర్థులు ఈ రెండు పేర్లను జాగ్రత్తగా చదవాలి. మనం శివరాత్రి ఉపవాసానికి ఉడకబెట్టుకునే కందగడ్డ పాఠ్యపుస్తకంలో చిలగడదుంప. శాస్త్రీయ నామం ఐపోమియా బటాటాస్, కుటుంబం కన్వాల్వులేసి, పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం. అది వేరు, ఆహారం నిల్వచేసి లావెక్కిన వేరు. తీగ ముక్కలు నాటి పండిస్తారు.

కోస్తా వాళ్లు పులుసు పెట్టే కంద వేరే మొక్క: అమార్ఫోఫాలస్, ఏరేసి కుటుంబం. ఇది భూగర్భ కాండం. వృక్షశాస్త్రంలో ‘కందం’ అంటారు. గొంతు దురదకు కారణం కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, అందుకే చింతపండు వేస్తారు.

ఆలుగడ్డ కూడా కాండమే, అయితే దుంపకాండం. అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నారింజరంగు కందగడ్డలో బీటా కెరోటిన్ ఎక్కువ; శరీరం దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. 2016 ప్రపంచ ఆహార బహుమతి ఈ రకాన్ని ఆఫ్రికాలో వ్యాపింపజేసిన శాస్త్రవేత్తలకూ దక్కింది.