పాతనగల పరీక్షకు భూతద్దము – ఎన్నుకొను విధము



పంట చేతికి వచ్చి, అప్పు తీరి, నాలుగు రూకలు మిగిలిన యేట మన పల్లెలలో మొట్టమొదట తలంపునకు వచ్చునది బంగారము. ఆడపిల్ల పెండ్లికి అది అలంకారము. వానలు తప్పిన యేట అదియే కుదువ సొమ్ము. క్రొత్తనగకు మజూరీ, తరుగు అధికమగుట చేత కొందఱు పాతనగలను కొనుటకు హైదరాబాదునకు పోవుదురు. అందు తప్పులేదు. కాని పాతనగ కొనువానికి కన్ను ఉండవలెను. ఆ కంటికి తోడుగ మంచి భూతద్దమొకటి ఉండవలెను. ఈ అద్దమును నగల వ్యాపారులు లూపు అందురు. దాని నెన్నుకొను విధమును, వాడు విధమును, అది చెప్పలేని సంగతులను ఈ మాసపు పాఠమున వివరింప దలచితిమి.

మా పొరపాటు

ముందుగా మా తప్పును ఒప్పుకొందుము. మా సంఘపు సభ్యుడొకడు మిరప అమ్మిన సొమ్ముతో పెద్దకూతునకు కెంపుల అడ్డిగ కొనదలచి మమ్ము తోడు రమ్మనెను. పాతబస్తీలో యాకుత్‌పురా రైలు స్టేషనునకు సమీపమున ఒక సందులో పాతనగ యొకటి చూపిరి. యాకూత్ అనగా కెంపు. ఆ పేరుగల పేటలో కెంపులు కొనుట శుభమని అతడు సంతసించెను. మేము దారిలో కాలిబాటపై కొన్న భూతద్దమును జేబులోనుండి తీసితిమి. దాని చట్రముపై 30 అని చెక్కియుండెను. ముప్పదిరెట్లు చూపునను గర్వముతో రాళ్లను చూచి, "బాగున్నవి, తీసికొనుము" అంటిమి. అతడు మా మాటయే ప్రమాణముగ గైకొని, బంగారమునకు వేఱుగను, రాళ్లకు వేఱుగను వెల చెల్లించెను.

మఱుసటి యేట వానలు తప్పెను. ఆ నగను కుదువ పెట్టబోగా మదింపుదారు తన చిన్న అద్దముతో చూచి, బంగారము సరియే గాని రాళ్లలో మూడు గాజువనియు, తక్కినవి కొలిమిలో చేసినవనియు చెప్పెను. రాళ్లకిచ్చిన సొమ్మంతయు నీటిపాలయ్యెను. ఆ రైతు మమ్ము నిందింపలేదు. "అయ్యా, మీరు మాత్రము లోపలికి దూఱి చూచితిరా?" అని ఊరకుండెను. ఆ మాట నిందకంటె బరువుగ తోచెను. ఏలయన, లోపలికి దూఱి చూచుటకే గదా అద్దము!

ఆ మదింపుదారు అద్దముపై 10 అని మాత్రమే యుండెను. ముప్పదిరెట్ల అద్దమున కనబడనిది పదిరెట్ల అద్దమున ఎట్లు కనబడెను? ఈ ప్రశ్నయే మాకు పాఠమయ్యెను.

అద్దపు బలమును కొలుచుట

అద్దముపై చెక్కిన అంకెను నమ్మరాదు, కొలిచి చూడవలెను. ఎండలో తెల్లకాగితముపై అద్దమును పట్టి, వెలుగు చుక్క మిక్కిలి చిన్నదగువఱకు పైకి క్రిందికి జరుపవలెను. అప్పుడు అద్దపు నడుమనుండి కాగితమువఱకు గల దూరమును నాభ్యంతరమందురు. పది అంగుళములను ఆ దూరముచే భాగించిన వచ్చునది అద్దపు బలము. దూరము రెండంగుళములైన అయిదురెట్లు. ఒక అంగుళమైన పదిరెట్లు. అర అంగుళమైన ఇరువదిరెట్లు. ముప్పదిరెట్ల అద్దమునకు ఆ దూరము అంగుళములో మూడవవంతు మాత్రమే, అనగా సుమారు 8 మిల్లీమీటర్లు ఉండవలెను. కావున 30 అని చెక్కిన అద్దము అంగుళము, అంగుళమున్నర దూరమున స్పష్టముగ చూపుచున్నచో ఆ అంకె అబద్ధము. మా అద్దమును ఇట్లు కొలువగా దూరము రెండంగుళములు వచ్చెను. చవక అద్దములలో పెక్కింటి గతి యిదియే.

ఈ పరీక్షను గడ్డివాము చెంత చేయరాదు, ఎండుగడ్డి అంటుకొనును. అద్దములోనుండి సూర్యుని ఎన్నడును చూడరాదు, కన్ను పోవును.

పదిరెట్లే ఏల?

బలము ఎక్కువైనకొలది మంచిదని తలంచుట పొరపాటు. బలము పెరిగిన కొలది చూపునకు అందు మేర కుంచించుకొనిపోవును. వస్తువును అద్దమునకు మిక్కిలి చేరువగ తేవలసివచ్చి వెలుతురు అడ్డగింపబడును. చేయి రవ్వంత వణకినను బొమ్మ చెదరును. పదిరెట్ల అద్దమున అంగుళపు దూరముండును గనుక వెలుతురు ప్రక్కనుండి చక్కగ పడును. మఱియు ప్రపంచమంతట వజ్రముల నిర్మలత్వమును పదిరెట్ల అద్దముతో చూచియే నిర్ణయింతురు. కొనువాడును అమ్మువాడును ఒకే కొలతతో చూచినప్పుడు వాదమునకు తావు తగ్గును. మొదటి అద్దము కొనువానికి పదిరెట్లది చాలును.

మూడు కటకముల అద్దము

ఒంటి కటకమునకు రెండు దోషములు కలవు. వెలుతురులోని రంగులన్నియు ఒకేచోట కూడవు గనుక వస్తువు అంచున నీలి, ఎఱుపు చారలు కనబడును. ఇది మొదటి దోషము. కటకపు అంచులగుండ వచ్చు వెలుతురు నడుమ వచ్చు వెలుతురుతో కలియదు గనుక బొమ్మ అంచులు మసకబారి వంగును. ఇది రెండవది. రాతి రంగును, లోపలి గీతలను పరీక్షించువానికి ఈ రెండును శత్రువులు. లేని రంగును చూపును, ఉన్న గీతను చెఱపును. ఈ దోషములను పోగొట్టుటకై వేఱువేఱు జాతుల గాజుతో చేసిన మూడు కటకములను ఒకటిగ అతికింతురు. దీనినే ట్రిప్లెట్ అందురు. అంగడిలో ఈ పేరుతోనే అడుగవలెను.

పేరు చెప్పినంత మాత్రమున నమ్మక రెండు పరీక్షలు చేయవలెను. బడిపిల్లల లెక్కలపుస్తకములోని చదరపు గళ్ల కాగితమును అద్దములో చూడుడు. గీతలు నడుమను అంచునను గూడ నిటారుగ నుండవలెను. అంచున విల్లువలె వంగినచో అద్దము మంచిది కాదు. తరువాత తెల్లకాగితముపై అచ్చయిన లావు నల్లయక్షరమును చూడుడు. అంచున ఇంద్రధనుస్సు వన్నెలు కనబడరాదు.

చట్రము నల్లనిదైన మేలు. బంగారువన్నెది, ఎఱ్ఱనిది ఐనచో దాని నీడ రాతిపై పడి వన్నెను మార్చును. అద్దపు వెడల్పు 18 మొదలు 21 మిల్లీమీటర్లున్న చాలును. కొన్నింట చిన్న దీపముండును. అది సదుపాయమే గాని, చెడ్డ కటకమును దీపము మంచిదిగ చేయజాలదు.

పట్టుకొను విధము

చాలమంది అద్దమును నగకు దగ్గఱగ, కంటికి దూరముగ పట్టుదురు. అది చదువుకొను భూతద్దపు పద్ధతి. లూపును కంటికి ఆనునంత చేరువగ పట్టి, నగను రెండవచేత అద్దమునకు అంగుళపు దూరమునకు తేవలెను. రెండుచేతులను ఒకదానికొకటి ఆనించి, మోచేతులను బల్లపై మోపినచో వణకు తగ్గును. రెండవకన్ను మూయరాదు, మూసిన త్వరలో అలసట కలుగును. నగను ముందుగ మెత్తని గుడ్డతో తుడువవలెను. లేనియెడల ధూళిని మచ్చ యని భ్రమపడుదుము. దుకాణపు పసుపుదీపముల క్రింద గాక గుమ్మము చెంత పగటివెలుతురున చూపుమని మర్యాదగ అడుగవలెను. మంచి వ్యాపారి కాదనడు.

ఏమి చూడవలెను?

మొదట బంగారము. కొక్కెము, గొలుసు కడియలు, వెనుకతట్టు, ఒరిపిడి తగులు అంచులు చూడవలెను. పూత నగయైనచో అంచుల యందు పూత అరిగి లోపలి లోహము వేఱువన్నెతో తొంగిచూచును. అతుకులయొద్ద బూడిదవన్నె కనబడినచో సీసపు అతుకని అనుమానింపవలెను. కడియ సగమునకు అరిగినచో అది త్వరలో తెగును. బోలునగలలో లక్క నింపుట వాడుక గనుక, సన్నని రంధ్రములయొద్ద లక్క కనబడుచున్నదేమో చూచి, లక్క బరువును రాళ్ల బరువును తగ్గించియే బంగారమునకు వెల కట్టుమని కోరవలెను.

తరువాత ముద్ర. మనదేశమున బంగారమునకు బి.ఐ.ఎస్. ముద్ర 2000 సంవత్సరమున ప్రారంభమయ్యెను. 2021 జూన్‌లో మొదట 256 జిల్లాలలో అది నిర్బంధమయ్యెను. 2023 ఏప్రిల్ 1 మొదలు వ్యాపారులు ముద్ర వలసిన నగలను ఆరక్షరముల హెచ్.యు.ఐ.డి. గుర్తుతోనే విక్రయింపవలెనని నియమము వచ్చెను. ఇప్పటి ముద్రలో త్రికోణపు గుర్తు, స్వచ్ఛతను తెలుపు అంకె, ఆరక్షరముల గుర్తు ఈ మూడు ఉండును. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750 అంకెలు. ఆరక్షరములు ఉత్తకంటికి గీతలవలె తోచును. పదిరెట్ల అద్దమున స్పష్టముగ చదువవచ్చును. చదివి, సెల్‌ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌నందు ఆ గుర్తును వ్రాసినచో నగ వివరము వచ్చును. అది చేతనున్న నగతో సరిపోవలెను. గుర్తు ఉంగరమునకు చెందినదై చేతిలోనిది గొలుసైనచో కొనరాదు. వెనుకటి నగలపై పాతపద్ధతి ముద్రలుండవచ్చును. మిక్కిలి పాతవానిపై ఏ ముద్రయు నుండదు. ముద్ర లేనంతమాత్రమున నగ చెడ్డదికాదు, కాని పరీక్ష చేయింపక కొనరాదు.

పిమ్మట రాళ్లు. నేలలో పుట్టిన కెంపులో సన్నని సూదులవంటి తంతువులు, ముడతలవంటి మచ్చలు తఱచుగ నుండును. నిర్దోషమైన పెద్దరాయి చవకగ దొరకినచో సంతోషింపక సంశయింపవలెను. కొలిమిలో కెంపును చేయు విధమును ఫ్రాన్సు దేశపు వెర్నూయి పండితుడు 1902లో ప్రకటించెను. కావున నూఱేండ్లనాటి నగ యన్నంతమాత్రమున అందలి కెంపు నేలలో పుట్టినదని నిశ్చయము లేదు. ఆ విధమున చేసిన రాతిలో వంపు తిరిగిన గీతలు, గుండ్రని గాలిబుడగలు కనబడును. గాజులోను బుడగలు, కలిపిన పాకపు సుడులు కనబడును. దాని ముఖముల అంచులు మొండిగ అరిగియుండును. పైన ఒక రాయి, క్రింద గాజు అతికించిన జంటరాయిని ప్రక్కనుండి చూచినచో అతుకు గీత, ఆ గీతవెంట ఒకే వరుసలో బుడగలు కనబడును. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపును త్రిప్పి చూచినచో పగుళ్లలో నీలిమెఱపులు తోచును. వెనుక మూసి రేకు పెట్టిన జడావునగలలో రాయి వెనుకతట్టు కనబడదు గనుక, అట్టి రాళ్లకు వేఱుగ పెద్దవెల ఇయ్యరాదు.

ముత్యములకు హైదరాబాదు పేరుపొందినది. వీని తూటు అంచున చూడవలెను. నకిలీ ముత్యమున తూటుచుట్టు పూత పెచ్చులూడి లోపలి గాజుపూస కనబడును. పెంపకపు ముత్యమున పూసకును పై పొరకును నడుమ గీత కనబడవచ్చును. అది నిజమైన ముత్యమే, వెల మాత్రము వేఱు.

అద్దము చెప్పలేనివి

ఇక్కడ జాగ్రత్త వలెను. బంగారమెన్ని క్యారెట్లదో అద్దము చెప్పదు. దానికి గీటురాయి కొంత, బి.ఐ.ఎస్. గుర్తింపు పొందిన పరీక్షాకేంద్రము పూర్తిగ తోడ్పడును. సామాన్యులు గూడ రుసుము చెల్లించి నగను అచ్చట పరీక్ష చేయించుకొనవచ్చును. యంత్రశాలలో పెంచిన వజ్రమును నేలలోని వజ్రమునుండి వేఱుపఱచుటకు లూపు చాలదు. ప్రయోగశాల యోగ్యతాపత్రము వలెను. అద్దము మోసమును పట్టియిచ్చును గాని మంచితనమునకు పూచీపడదు. దోషము కనబడినచో కొనవద్దు; కనబడకున్న ఇంకను విచారింపుము. మేము ఆనాడు ఈ భేద మెఱుగక, కనబడలేదు గనుక లేదంటిమి.

సంఘమున కొకటి

ప్రతి సభ్యుడు అద్దము కొననక్కఱలేదు. సంఘమున కొక మంచి పదిరెట్ల ట్రిప్లెట్ ఉన్నచో నగల ఋణముల సమయమునను, సభ్యుల కొనుగోళ్లకును పనికివచ్చును. అది పొలమునకు గూడ నేస్తమే. మిరప ఆకు పైకి ముడిచినచో తామరపురుగును, క్రిందికి ముడిచినచో నల్లిని ఆకు అడుగున దానితో వెదకవచ్చును. పురుగు తెలియక మందు కొనుటయు, రాయి తెలియక నగ కొనుటయు ఒకటే నష్టము.

గడచిన వేసగిలో ఆ సభ్యుడే రెండవకూతు పెండ్లికై మరల మమ్ము తోడు పిలిచెను. మాకు సిగ్గును, సంతసమును కలిగెను. ఈసారి కొలిచిన అద్దముతో పోతిమి. రాళ్లహారమొకటి చూచి, "బుడగలు కనబడలేదు, ఐనను ఇది మంచిదని మేము చెప్పజాలము" అంటిమి. అతడు కొంతసేపు ఆలోచించి దానిని విడిచి, ముద్రగల రాళ్లులేని గొలుసును కొని, ఆరక్షరములను తానే అద్దములో ఒక్కొక్కటిగ చదివెను.