లాహోరీ ఫౌజ్: పటాలం పోయింది, సంగత్ నిలిచింది



ఖిదిర్‌పూర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లలను, "పంజాబీ రాదు, మీరేం సిక్కులు?" అని కొందరు అడుగుతుంటారు. ఆ మాటకు పిల్లలు తలదించుకుంటే తప్పు మనది, ఎందుకంటే జవాబు మనం చెప్పలేదు. ఆ జవాబు తెలుగునేల మీదే ఉంది.

ఎలా వచ్చారు?

1830ల తొలి ఏళ్లలో హైదరాబాదు నిజాం రాజ్యంలో అల్లర్లు ఎక్కువ. జీతం కోసం చేరిన అరబ్బు, రోహిల్లా దళాలు అదుపులో ఉండేవి కావు. అక్కడి దివాను మహారాజా చందూలాల్‌కు గురునానక్ దేవ్‌జీ అంటే భక్తి. ఆయన కోరిక మీద మహారాజా రంజీత్ సింగ్ సిక్కు సిపాయిలను పంపారు. లాహోరు నుండి వెయ్యి మైళ్లకు పైగా దారి నడిచి వచ్చారు కనుక వారిని లాహోరీ ఫౌజ్ అన్నారు. తర్వాత జమియతే సిఖాన్ అనే పేరూ వచ్చింది.

ఏం చేశారు?

ఖజానాకు కాపలా కాశారు, అల్లర్లు అణిచారు, పన్ను వసూలుకు వెంట వెళ్లారు. పన్ను వసూలు రైతు మెచ్చే పని కాదు. అది కూడా పిల్లలకు చెప్పాలి. గొప్పలు మాత్రమే చెబితే చరిత్ర కాదు.

ఏం నిలిచింది?

అత్తాపూర్ దగ్గర బరంబాలాలో ఫౌజ్ విడిది చేసింది. అక్కడే గురుద్వారా వెలిసింది. సిపాయిలు ఈ నేల ఆడపడుచులను పెళ్లాడారు. పిల్లల నోట దక్కనీ, తెలుగు పలికాయి. కేశాలు మాత్రం పోలేదు, అరదాస్ ఆగలేదు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక ఫౌజ్ రద్దయింది. జీతం పోయినా సిక్కీ పోలేదు. వారి సంతతే నేటి దక్కనీ సిక్కులు.

మనకు పాఠం

మనం ఆ సిపాయిల సంతతి కాదు, ఆయుధానికి పదును పెట్టిన సిక్లీగర్ల బిడ్డలం. ఆ పేరు దశమేశ్ పితాజీ ఇచ్చినదని మన పెద్దలు చెబుతారు. కత్తి పట్టినవాడు, కత్తి సానబెట్టినవాడు ఒకే పంగత్‌లో కూర్చుంటారు. మన పిల్లలకు గుర్ముఖి నేర్పుదాం. నేర్చుకునేదాకా అర్థం తెలుగులో చెబుదాం. భాష వేరైనంత మాత్రాన గురువు వేరు కాడు.

పిల్లలను అడగండి

1. లాహోరీ ఫౌజ్ అనే పేరు ఎందుకు వచ్చింది?
2. ఫౌజ్ రద్దయ్యాక ఏం నిలిచింది?
3. ఈ వారం మన ఇంట్లో ఎన్ని రోజులు అరదాస్ చేశాం?